మ్యాగ్‌ట్రేస్, సెంటిమ్యాగ్: గడియారం తొందర తీరింది, ఎంఆర్ఐలో మచ్చ మిగిలింది

ముందే తేల్చి చెప్పాల్సిన మాట ఒకటుంది. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో సెంటినెల్ నోడ్‌ని, అంటే గడ్డ నుంచి లింఫ్ ద్రవం మొదట చేరే గ్రంథిని, వెతకడానికి వచ్చిన ఈ ఇనుప నానోకణాల ద్రవం పాత రేడియోధార్మిక పద్ధతికన్నా నోడ్‌ని మెరుగ్గా పట్టదు. దానికి సమానంగా పడుతుంది, అంతే. కాబట్టి దీన్ని కొనాలా వద్దా అన్నది నోడ్ దొరికే శాతంతో తేలే లెక్క కాదు. ఇంజెక్షన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య ఎంత వెసులుబాటు కావాలి, ఆ రోగికి ముందు ముందు రొమ్ము ఎంఆర్ఐ అవసరం పడుతుందా అన్న రెండు ప్రశ్నల మీద తేలుతుంది. మొదటి దానికి ఈ ఉత్పత్తి అద్భుతమైన జవాబు. రెండో దానికి పెద్ద ఇబ్బంది.

మ్యాగ్‌ట్రేస్ అంటే ద్రవం. దాని జాడ పట్టే చేతి ప్రోబ్, అంకెలు చూపి శబ్దం చేసే పెట్టె కలిపి సెంటిమ్యాగ్. యూనివర్సిటీ కాలేజ్ లండన్, హ్యూస్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధనల్లోంచి 2007లో పుట్టిన ఎండోమ్యాగ్ వీటిని తయారుచేసింది. 2024లో ఆ సంస్థని హోలాజిక్ కొనేసింది. పాత పరిశోధన పత్రాల్లో ఈ ద్రవం పేరు సియెన్నా ప్లస్ అని కనిపిస్తుంది. అప్పట్లో 2 మిల్లీలీటర్లని 3 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి 5 మిల్లీలీటర్లుగా ఎక్కించేవారు. ఇప్పటి మ్యాగ్‌ట్రేస్‌ని పలచన చేయనక్కర్లేదు. పాత పత్రంలోని మోతాదుని కొత్త సీసాకి అన్వయించేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే.

సీసాలో ఏముంది

కణం నడుమ ఐరన్ ఆక్సైడ్ గుండె, దాని చుట్టూ కార్బాక్సీడెక్స్‌ట్రాన్ అనే చక్కెర జాతి పూత. పూతతో కలిపి ఒక్కో కణం సుమారు 60 నానోమీటర్లు. 2 మిల్లీలీటర్ల మోతాదులో ఉండే ఇనుము 55 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. ఒక్కసారి రక్తదానం చేస్తే ఒంట్లోంచి పోయే ఇనుము 200 మిల్లీగ్రాములకు పైమాటే కాబట్టి, మామూలు మనిషికి ఈ మోతాదు లెక్కలోకి రాదు. హీమోక్రోమటోసిస్ లాంటి ఇనుము పేరుకుపోయే జబ్బులున్నవారికి మాత్రం ఇవ్వకూడదు. ఐరన్ ఆక్సైడ్‌కి గానీ డెక్స్‌ట్రాన్‌కి గానీ అలర్జీ ఉన్నవారికీ, చంకలోనో ఛాతీలోనో లోహపు ఇంప్లాంట్ ఉన్నవారికీ అంతే.

గుండె ఇంత చిన్నదిగా ఉండటంలోనే కిటుకు ఉంది. మామూలు ఇనుప రజను ఒకసారి అయస్కాంతం తగిలితే ఆ గుణాన్ని కొంత పట్టుకుని ఉంటుంది, ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడుతుంది. కొన్ని నానోమీటర్ల గుండెలో అయస్కాంత దిశ గది వేడికే నిలకడ లేకుండా తిరుగుతూ ఉంటుంది. బయట క్షేత్రం లేనప్పుడు మొత్తం మీద అయస్కాంతత్వం సున్నా. క్షేత్రం పెట్టగానే అన్నీ ఒకే వైపు తిరుగుతాయి, తీయగానే మళ్ళీ చెదిరిపోతాయి. దీన్నే సూపర్‌పారా అయస్కాంతత్వం అంటారు. సీసాలో ముద్దకట్టకుండా, లింఫ్ నాళాల్లో జారిపోయేలా, ప్రోబ్ దగ్గరికి రాగానే పలికేలా చేసేది ఈ గుణమే.

60 నానోమీటర్ల సైజు కూడా ఊరికే వచ్చింది కాదు. మరీ చిన్న కణాలు రక్తనాళాల్లోకి జారుకుంటాయి, లేదంటే మొదటి నోడ్‌ని దాటి తర్వాతి నోడ్‌లలోకి పోతాయి. మరీ పెద్దవి సూది గుచ్చిన చోటే కూర్చుంటాయి. ఈ మధ్య కొలతలో ఉన్నవి లింఫ్ నాళంలోకి దూరి, మొదటి గ్రంథిలో బయటి పదార్థాల్ని మింగే మాక్రోఫేజ్ కణాలకు చిక్కి అక్కడే ఆగిపోతాయి. రోజులు గడిచినా అక్కడే ఉంటాయి. ఈ ఉత్పత్తి బలమంతా ఆ ఆగిపోవడంలోనే ఉంది. తర్వాత చెప్పబోయే ఇబ్బందికి మూలం కూడా అదే.

దీన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2018 జులైలో ఆమోదించింది, అదీ మందుగా కాదు, పరికరంగా. రొమ్ము మొత్తం తీసేసే రోగుల్లో వాడటానికే అప్పటి అనుమతి. ఆ షరతుని గుర్తుపెట్టుకోండి, ఎంఆర్ఐ ప్రస్తావన వచ్చినప్పుడు దాని అర్థం తెలుస్తుంది.

అంకెలు ఏం చెబుతున్నాయి

ఎఫ్‌డీఏ చూసిన అధ్యయనంలో 147 మంది రోగులు. ఒకే రోగికి రెండు పద్ధతులూ వాడి పోల్చారు. నోడ్‌ని గుర్తించిన శాతం సెంటిమ్యాగ్‌కి 94.3, రేడియోధార్మిక ద్రవం, నీలిరంగు కలిపిన పద్ధతికి 93.5. అంతకుముందు 2014లో వెలువడిన సెంటిమ్యాగ్ బహుకేంద్ర అధ్యయనంలో 160 మంది. పాత పద్ధతికి 95.0, అయస్కాంత పద్ధతికి 94.4. నార్డిక్ దేశాల అధ్యయనంలో 206 మంది, అదే వరసలో 97.1, 97.6. ఒకచోట ఇది ఒక శాతంలోపు ముందు, మరోచోట అది ఒక శాతంలోపు ముందు. ఈ తేడాల మీద వాదించుకోవడం దండగ.

చర్మపు క్యాన్సర్ మెలనోమాకి వచ్చేసరికి కథ కొంచెం మారుతుంది. మెలమ్యాగ్ అధ్యయనంలో పాత పద్ధతి 97.7 శాతం పట్టగా అయస్కాంతం 95.3 దగ్గర ఆగింది. ముందుగా గీసుకున్న హద్దు ప్రకారం 'తక్కువ కాదు' అని నిరూపించలేకపోయింది. పైగా నోడ్‌లో ఇనుము గోధుమరంగులో కనిపిస్తుంది, మెలనిన్‌ది కూడా అదే రంగు. పాథాలజిస్టుకి ముందే చెప్పకపోతే స్లైడు మీద అనవసరమైన అనుమానం పుడుతుంది. పెర్ల్స్ స్టెయిన్ వేస్తే ఇనుము నీలంగా మారి తేలిపోతుంది గానీ, ఆ స్టెయిన్ వేయాలని తోచాలి కదా. మెలనోమా కోసమే అయితే ఈ యంత్రం కొనమని చెప్పలేం.

గడియారం లెక్క

పాత పద్ధతిలో వాడే రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గిపోయే సమయం, 6 గంటలు. దాన్నిచ్చే మాలిబ్డినం-99 అర్ధాయువు 66 గంటలు. రెండింటినీ దాచుకోలేం. రియాక్టరు నుంచి బయలుదేరిన క్షణం నుంచీ సరుకు కరిగిపోతూనే ఉంటుంది. 2009-10లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు, నెదర్లాండ్స్‌లోని పెటెన్ రియాక్టరు రెండూ ఆగిపోయినప్పుడు ప్రపంచమంతా స్కాన్‌లు వాయిదా పడ్డాయి. సరఫరా బాగున్నప్పుడు కూడా ఆపరేషన్ రోజు పొద్దున్నో ముందురోజో రోగి న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి వెళ్ళాలి. అక్కడ ఆలస్యమైతే ఆపరేషన్ జాబితా మొత్తం వెనక్కి జరుగుతుంది. ఆ విభాగమే లేని ఆస్పత్రికి ఈ పద్ధతి అందని పండు.

మ్యాగ్‌ట్రేస్‌ని ఆపరేషన్‌కి కనీసం 20 నిమిషాల ముందు ఇస్తే చాలు. 30 రోజుల ముందు దాకా కూడా ఇవ్వొచ్చు. అవుట్‌పేషెంటు గదిలో, రోగి చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడే పని అయిపోతుంది. వికిరణం లేదు, సీసపు పెట్టె లేదు, వ్యర్థాల లెక్క లేదు. నీలిరంగుకి ఉండే రెండు తలనొప్పులు కూడా లేవు: అరుదుగా వచ్చినా ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ ఒకటి, రక్తంలో ఆక్సిజన్‌ని పల్స్ ఆక్సిమీటరు ఉన్నదానికంటే తక్కువగా చూపించి మత్తు డాక్టరుని కంగారుపెట్టడం ఇంకొకటి. అయితే అలర్జీ అవకాశం ఇనుముకి బొత్తిగా లేదని కాదు. ఎఫ్‌డీఏ దుష్ప్రభావాల జాబితాలో రొమ్ము రంగు మారడంతో పాటు గుండె నెమ్మదించడం, అలర్జీ కూడా ఉన్నాయి.

ఈ వెసులుబాటు నిజంగా విలువ తెచ్చేది డీసీఐఎస్ రోగుల్లో, అంటే క్యాన్సర్ ఇంకా పాలనాళం గోడ దాటని దశలో. సూది పరీక్షలో డీసీఐఎస్ అని తేలినా, గడ్డ మొత్తం తీసి చూశాక కొందరిలో గోడ దాటిన క్యాన్సర్ బయటపడుతుంది. అప్పుడు సెంటినెల్ నోడ్ చూడాలి. కానీ రొమ్ము తీసేశాక లింఫ్ దారులే ఉండవు, ట్రేసర్‌ని, అంటే నోడ్ జాడ చూపే ద్రవాన్ని, ఎక్కడ ఎక్కించాలి? అందుకే ఎందుకైనా మంచిదని మొదటి ఆపరేషన్‌లోనే నోడ్ తీసేస్తూ వచ్చారు. చాలామందికి అది అనవసరపు కోత.

స్వీడన్‌లో జరిగిన సెంటినాట్ అధ్యయనం ఈ చిక్కుముడిని తేలిగ్గా విప్పింది. మొదటి ఆపరేషన్‌కి ఇనుము ఎక్కించారు, నోడ్‌ని ముట్టుకోలేదు. పాథాలజీ రిపోర్టు వచ్చాక అవసరమైనవారికే రెండోసారి చంక తెరిచి, అక్కడే ఎదురుచూస్తున్న నోడ్‌ని ప్రోబ్‌తో పట్టుకున్నారు. నూటికి 78 మందికి నోడ్ ఆపరేషన్ తప్పింది. ఆరు గంటల్లో సగమైపోయే ట్రేసర్‌తో ఈ ఆలోచనే సాధ్యం కాదు. ఈ ఒక్క ఉపయోగం కోసమే యంత్రం కొన్నా తప్పుపట్టలేం.

ఎక్కించడం

తయారీదారు చెప్పే మామూలు పద్ధతిలో చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కింద 2 మిల్లీలీటర్లు ఎక్కించి, 5 నిమిషాలు మర్దనా చేయాలి. ఆ మర్దనాని మొక్కుబడిగా రెండు నిమిషాల్లో ముగించడం తరచూ జరిగే పొరపాటు. ఆపరేషన్ రోజే ఎక్కిస్తే, కణాలు నాళాల్లోకి వెళ్ళడానికి ఆ తోపుడే ఆధారం. ముందురోజుల్లో ఎక్కిస్తే అంత పట్టింపు ఉండదు, సమయమే ఆ పని చేసిపెడుతుంది.

లోతు ముఖ్యం. సూది చర్మానికి మరీ దగ్గరగా ఆగితే చర్మం గోధుమరంగులోకి తిరుగుతుంది. ఆ మచ్చ నెలల తరబడి, కొందరిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. కాలక్రమంలో పలచబడుతుంది గానీ పచ్చబొట్టులాంటిదే. రొమ్ముని నిలుపుకునే ఆపరేషన్ చేయించుకున్న మనిషికి, అద్దంలో రోజూ కనిపించే ఆ మచ్చ చిన్న విషయం కాదు. ముందే చెప్పి, ఒప్పుకున్నాకే ఎక్కించాలి. చర్మం కిందనే వదలకుండా చనుమొన వెనక లోతుగా, లేదా గడ్డ పక్కనే లోతుగా ఎక్కిస్తే మచ్చ బాగా తగ్గుతుంది. 1 లేదా 1.5 మిల్లీలీటర్లతోనూ నోడ్ దొరికే శాతం పడిపోలేదని తర్వాత వచ్చిన స్వీడన్ అధ్యయనాలు చూపించాయి. 1 మిల్లీలీటరు ఇచ్చేటప్పుడు ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే ఇవ్వడం మేలు.

గుచ్చాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకోవాలి. నేరుగా రక్తంలోకి పోతే కణాలు కాలేయానికీ ప్లీహానికీ చేరతాయి. దానివల్ల పెద్ద హాని లేకపోయినా, తర్వాత కడుపు ఎంఆర్ఐ తీస్తే ఆ అవయవాలు నల్లగా కనబడి అనవసరమైన పరీక్షలకు దారితీయొచ్చు.

ప్రోబ్‌తో కుస్తీ

ఇక్కడే సర్జన్ల గొణుగుడు మొదలవుతుంది. అందులో న్యాయం ఉంది.

సెంటిమ్యాగ్ ప్రోబ్ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని లోపలికి పంపి, దానికి ఇనుము ఇచ్చే బదులుని తీగచుట్టలతో కొలుస్తుంది. క్షేత్రం లోపలికి వెళ్తూ బలహీనపడుతుంది, బదులు బయటికి వస్తూ మళ్ళీ బలహీనపడుతుంది. రెండు దెబ్బలు. అందుకే కొంచెం లోతు పెరిగినా అంకె ధబీమని పడిపోతుంది. సుమారు 3 సెంటీమీటర్లు దాటితే చర్మం పైనుంచి నమ్మకం పెట్టుకోలేం. పాత రేడియోధార్మిక పద్ధతిలో వాడే గామా ప్రోబ్ ఇంతకన్నా లోతు నుంచి వింటుంది. లావుగా ఉన్న రోగిలో చర్మం పైన ఏమీ పలకలేదంటే నోడ్ లేదని అనుకోకూడదు. ప్రోబ్‌ని నెమ్మదిగా లోపలికి నొక్కి కొవ్వుని పలచబరిచి వినాలి. అప్పటికీ పలకకపోతే చంక తెరిచాక మళ్ళీ వెతకాలి.

ఒంట్లోని నీరు అయస్కాంతాన్ని అతి స్వల్పంగా వికర్షిస్తుంది, అంటే ఇనుముకి ఎదురు గుర్తు. గాలిలో సున్నా చేసిన ప్రోబ్‌ని ఒంటిమీద పెడితే అంకె మైనస్‌లోకి పోతుంది. నోడ్‌లో ఇనుము తక్కువగా ఉన్నప్పుడు ఈ మైనస్ దాన్ని మింగేస్తుంది. కాబట్టి సూది గుచ్చిన చోటుకి దూరంగా, అదే రోగి ఒంటిమీద ప్రోబ్ ఆనించి, ఫుట్‌స్విచ్ నొక్కి సున్నా చేయాలి. ఒకసారి చేస్తే సరిపోదు. చల్లటి ప్రోబ్ కొన వెచ్చటి గాయంలోకి వెళ్ళగానే అంకె జారుతుంది. అందుకని ప్రతి కొలతకు ముందూ సున్నా చేసే అలవాటు కావాలి. ఆపరేషన్ మొదలవడానికి బాగా ముందే పెట్టెని ఆన్ చేసి ఉంచితే ఈ జారుడు తగ్గుతుంది.

అసలు చిరాకు లోహం. గాయాన్ని తెరిచి పట్టే ఉక్కు రిట్రాక్టర్ పక్కన ఉంటే అంకె గల్లంతే. కొలిచే ప్రతిసారీ లోహమంతా గాయంలోంచి తీసి, కొలిచి, మళ్ళీ పెట్టాలి. లేదా ప్లాస్టిక్ రిట్రాక్టర్లు, ప్లాస్టిక్ ఫోర్సెప్స్ ముందే తెప్పించుకోవాలి. యంత్రానికి ఆర్డరు పెట్టేటప్పుడే వీటినీ కలిపి పెట్టని చోట మొదటి పది కేసులు నరకంగా ఉంటాయి. బల్ల మీద పరచుకునే అయస్కాంతపు చాప ఉంటే తీసేయాలి. బయటికి తీసిన నోడ్‌ని స్టీలు ట్రేలో పెట్టి కొలిస్తే ట్రే అంకె వస్తుంది, నోడ్‌ది కాదు. తడి గుడ్డ మీద, లోహానికి దూరంగా పెట్టి కొలవాలి. వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ, 'మీ యంత్రం అబద్ధాలు చెబుతోంది' అనే ఫిర్యాదుల్లో పెద్ద వంతు ఇలాంటి లోహానివే.

ఇంకో చిక్కు, సూది గుచ్చిన చోటి హోరు. గడ్డ రొమ్ము పైభాగంలో చంక వైపు ఉండి, దాని పక్కనే ఎక్కించినప్పుడు అక్కడి ఇనుము చంకలోని చిన్న గొంతుని వినపడనివ్వదు. రొమ్ముని మధ్యకి లాగి పట్టుకుని ప్రోబ్‌ని చంక వైపు తిప్పి చూడాలి. అప్పటికీ కుదరకపోతే ముందు గడ్డ తీసేసి, తర్వాత చంక చూడాలి.

ఎప్పుడు ఆపాలన్నది గామా ప్రోబ్ లెక్కే. బయటికి తీసినవాటిలో అతి ఎక్కువ అంకె చూపిన నోడ్ ఏదో చూసి, అందులో పదో వంతుకి పైగా పలికేవన్నీ తీయాలి. లోపల మిగిలిన శబ్దం ఆ హద్దు కిందికి వస్తే ఆపొచ్చు. ఉదాహరణకి మొదటి నోడ్ 3,000 చూపితే, 300కి పైగా పలికేదేదీ లోపల మిగలకూడదు. గోధుమరంగు లేదా నల్లరంగు తిరిగిన నోడ్‌ని అంకెతో పనిలేకుండా తీయాలి. చేతికి గట్టిగా తగిలిన నోడ్‌నీ అంతే. ఇది మరిచిపోతే ప్రమాదం: క్యాన్సర్ పూర్తిగా ఆక్రమించిన నోడ్‌లోకి ట్రేసర్ వెళ్ళదు, ప్రోబ్ దాని మీద మౌనంగా ఉంటుంది. వేలు చెప్పేది ప్రోబ్ చెప్పదు.

గడ్డని గుర్తించడానికి పెట్టే మ్యాగ్‌సీడ్ అనే 5 మిల్లీమీటర్ల ఉక్కు గింజ కూడా ఇదే ప్రోబ్‌తో దొరుకుతుంది. ఒకే పెట్టెతో రెండు పనులు కావడం లాభమే. కానీ ప్రోబ్‌కి గింజ వేరు, ద్రవం వేరు అన్న తేడా తెలియదు. గింజ చనుమొనకి దగ్గరగా ఉన్నప్పుడు అక్కడే ద్రవం ఎక్కిస్తే గింజ గొంతు మునిగిపోతుంది. గింజ ఒక పక్కనుంటే ద్రవం మరో పక్క, రెంటికీ మధ్య సాధ్యమైనంత దూరం.

ముందుగా కీమో తీసుకున్న రోగుల్లో దీన్ని ఒంటరిగా నమ్మొద్దు. ఇది ఈ ఉత్పత్తి లోపం కాదు, ఏ ట్రేసర్‌కైనా వర్తించే మాట. కీమో తర్వాత లింఫ్ దారులు మారిపోతాయి. జడ్1071 అధ్యయనంలో నోడ్‌లో క్యాన్సర్ ఉన్నా లేదని తప్పుగా తేలినవారి శాతం రెండు ట్రేసర్లు వాడితే 10.8, ఒక్కటే వాడితే 20.3. తొలుత క్యాన్సర్ ఉన్నట్టు తేలిన నోడ్‌లో కీమోకి ముందే గుర్తు పెట్టి, దాన్ని తప్పకుండా తీయడం మేలు.

ఎంఆర్ఐలో నల్లటి గుంత

మొదట చెప్పిన ఇబ్బంది ఇదే. ఎంఆర్ఐ యంత్రం చదివేది నీటిలోని హైడ్రోజన్ ఇచ్చే సంకేతాన్ని. ఇనుప కణం చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని వంకర చేస్తుంది, అక్కడి సంకేతం క్షణాల్లో చెదిరిపోతుంది. చిత్రంలో అక్కడ నల్లటి గుంత, దాని అంచున వెలుగు రేఖ. కొవ్వు సంకేతాన్ని అణచే పద్ధతి ఆ ప్రాంతంలో విఫలమవుతుంది. గ్రేడియంట్ ఎకో అనే పద్ధతిలో తీసే చిత్రాల్లో గుంత ఇంకా పెద్దదవుతుంది. రొమ్ములో కొత్త గడ్డని వెతికే కాంట్రాస్ట్ ఎంఆర్ఐకి ఆ చిత్రాలే ఆధారం. గుంతలో ఏం దాగి ఉన్నా కనబడదు. సూది గుచ్చిన చోట మిగిలిన ఇనుము ఏళ్ళ తరబడి ఇలా చేస్తుంది.

ఇప్పుడు ఎఫ్‌డీఏ తొలి అనుమతి రొమ్ము మొత్తం తీసేవారికే ఎందుకు సరిపోతుందో తెలుస్తుంది. ఇనుము కూర్చున్న కణజాలమే వెళ్ళిపోతే గుంత ఎక్కడిది? రొమ్ము నిలుపుకునేవారిలోనే జాగ్రత్త కావాలి. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉండి ఏటా ఎంఆర్ఐ తీయించుకోవాల్సినవారు, మామోగ్రామ్‌లో సరిగా కనబడని లోబ్యులర్ క్యాన్సర్ వచ్చినవారు, రొమ్ము కణజాలం బాగా దట్టంగా ఉన్నవారు - వీళ్ళ విషయంలో టెక్నీషియమే మెరుగు. అది లేనిచోట ఐసీజీ అనే పచ్చరంగు ద్రవం ఉంది. బల్ల మీదే ఎక్కించి, పరారుణ కెమెరాతో చూస్తారు, ఎంఆర్ఐకి అడ్డురాదు. దాని వెలుగు ఒక సెంటీమీటరు కణజాలాన్ని దాటి రావడమే గగనం, రోజుల ముందు ఎక్కించడం కుదరదు. ఎవరి లోపాలు వాళ్ళవి.

ఇనుమే వాడి తీరాలంటే నష్టం తగ్గించే దారులున్నాయి. ఎంఆర్ఐ అవసరమైతే ఇంజెక్షన్‌కి ముందే తీసేయాలి. ఎక్కించాక 'అయ్యో, ఎంఆర్ఐ కూడా చూద్దాం' అంటే లాభం లేదు. మోతాదు 1 మిల్లీలీటరుకి తగ్గించాలి. చనుమొన కింద కాకుండా గడ్డ పక్కన, గడ్డతో పాటు కోసి తీసేసే భాగంలోనే ఎక్కిస్తే మిగిలే ఇనుము చాలా తగ్గుతుంది. తర్వాతి పర్యవేక్షణకు కాంట్రాస్ట్ మామోగ్రామ్ ఒక ప్రత్యామ్నాయం.

తమాషా ఏమిటంటే, ఈ జాతి కణాలు మొదట ఎంఆర్ఐ కోసమే పుట్టాయి. కాలేయపు గడ్డలు చూడటానికి ఫెరిడెక్స్ 1996లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది, 2008లో తయారీ ఆగిపోయింది. మ్యాగ్‌ట్రేస్ లాంటి పూతే ఉన్న రెసోవిస్ట్ యూరప్‌లో వచ్చి వెళ్ళిపోయింది, జపాన్‌లో నిలిచింది. కాంబిడెక్స్ అనే ఫెరుమాక్స్‌ట్రాన్-10 మీద 2003లో వెలువడిన పరిశోధన అందరినీ ఆశపెట్టింది: ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 80 మందిలో, క్యాన్సర్ పాకిన నోడ్‌లలో 90.5 శాతాన్ని ఎంఆర్ఐ పట్టుకుంది, కణాలు లేకుండా అయితే 35.4 శాతమే. ఆరోగ్యమైన నోడ్ ఇనుముని పీల్చుకుని నల్లబడుతుంది, క్యాన్సర్ ఉన్న భాగం తెల్లగానే మిగులుతుంది. కోత లేకుండా చదవొచ్చు. అయినా 2005లో ఎఫ్‌డీఏ సలహా సంఘం ఒప్పుకోలేదు. నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్‌లో ఆ ద్రవాన్ని మళ్ళీ బతికించే ప్రయత్నం సాగింది. చిత్రాన్ని నల్లబరిచే గుణమే అక్కడ సరుకు, ఇక్కడ మచ్చ.

రక్తహీనతకి ఇచ్చే ఫెరుమాక్సిటాల్ కూడా ఈ కుటుంబమే. ఒక్కో డోసు 510 మిల్లీగ్రాములు, నేరుగా రక్తంలోకి. అది ఎక్కాక ఎంఆర్ఐ చిత్రాలు 3 నెలల దాకా మారి కనిపించొచ్చు. మ్యాగ్‌ట్రేస్ ఇచ్చే ముందు 'ఐరన్ ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నారా?' అని అడగడం అందుకే మంచిది.

ఎవరు కొనాలి

న్యూక్లియర్ మెడిసిన్ లేని, లేదా దూరంగా ఉన్న ఆస్పత్రులు, డీసీఐఎస్‌కి రొమ్ము తీసే కేసులు తరచుగా చేసేవారు నిశ్చింతగా తీసుకోవచ్చు. టెక్నీషియం ఏ ఆటంకమూ లేకుండా అందుతూ, రొమ్ము నిలిపే ఆపరేషన్లే ఎక్కువగా చేసేచోట తొందరపడనక్కర్లేదు. కొనేటప్పుడు పెట్టె, ప్రోబ్ ఖర్చుతో ఆగకుండా ప్రతి రోగికీ పట్టే సీసా, ప్రోబ్‌కి స్టెరైల్ తొడుగు, ప్లాస్టిక్ పనిముట్ల సెట్లు కనీసం రెండు (ఒకటి స్టెరిలైజేషన్‌లో ఉంటుంది కాబట్టి) లెక్కలో వేసుకోవాలి. మొదటి రెండు డజన్ల కేసుల్లో పాత ట్రేసర్‌నీ పక్కన ఉంచుకుని రెండింటినీ పోల్చుకుంటే చెయ్యి కుదురుతుంది.

డిశ్చార్జి కాగితంలో 'ట్రేసర్ ఇచ్చాం' అని మాత్రం రాసి వదిలేయొద్దు. ఏ వైపు రొమ్ము, చనుమొన కిందా గడ్డ పక్కనా, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ తేదీన, 'ఐరన్ ఆక్సైడ్ ట్రేసర్, ఎంఆర్ఐలో నల్లగా కనిపిస్తుంది' అన్న వాక్యంతో సహా రాయాలి. మూడేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో ఆమె ఎంఆర్ఐ చదివే రేడియాలజిస్టు చేతిలో ఉండేది ఆ కాగితం ఒక్కటే.